అన్నిచోట్లా పట్టిన బూట్లు

చిల్లకల్లు ఇంకా పావుమైలు ఉందనగా మా బస్సు రెండుసార్లు దగ్గి, ఒకసారి వణికి, రోడ్డు మధ్యన నిలబడిపోయింది. అది బొగ్గు బస్సు. యుద్ధం ముగిసి మూడేళ్ళు కావస్తున్నా మా వైపు బస్సులకి పెట్రోలు చాలినంత రావటం లేదు. అందుకని బస్సు వెనక నీళ్ళ పీపాయంత పొయ్యి బిగించి, అందులో బొగ్గు కాల్చి, ఆ పొగతో ఇంజను నడిపించేవారు. మెరక వస్తే జనం దిగి నెట్టాలి. పల్లం వస్తే ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవాలి. డ్రైవరు దిగి, పొయ్యి మూత ఎత్తి లోపలికి తొంగిచూసి, "ఇంకో బస్తా బొగ్గు పడాలి. వంటయ్యేంత సేపు పడుద్ది. ఊళ్ళోకెళ్ళి మంచినీళ్ళు తాగి రండి" అన్నాడు.

నేను వేదాద్రిలో పది రోజులు కృష్ణ ఒడ్డున కూర్చుని, కూర్చోవటం విసుగెత్తి, జగ్గయ్యపేట దాకా నడిచొచ్చి ఆ బస్సెక్కాను. నందిగామలో నాకు పనేమీ లేదు. నాకు ఏ ఊళ్ళోనూ పని ఉండదు కాబట్టే ఇన్ని ఊళ్ళు తిరగటానికి వీలవుతోంది. బస్సులో అందరూ డ్రైవర్ని తిడుతూ కూర్చున్నారు. నేను దిగి నడక మొదలుపెట్టాను.

నాకంటే ముందే ఒకావిడ దిగి నడుస్తోంది. ముప్ఫై దాటిన మనిషి, పొడగరి, తెల్లచీర కొంగు నడుముకి దోపింది. చంకలో గోనెసంచి. ఆమెని వెనక నుంచి చూస్తూ నడిచినవాడికి ముందుగా కనిపించేవి చెప్పులు. పాదం ముందుకెళ్ళాక ఒక క్షణం ఆగి, చెప్పు దాని వెనకాల వచ్చేది, పిలిస్తే వచ్చే కుక్కపిల్లలాగా. అది జారిపోకుండా ఆమె కాలివేళ్ళు ముడుచుకుని, గట్టిగా పట్టుకుని నడుస్తోంది. అయినా నేను అందుకోలేకపోతున్నాను. ఈవిడే గనక చెప్పులు చేత్తో పట్టుకుంటే ఏ బస్సూ అందుకోలేదు అనుకున్నాను.

ఊరి మొదట్లో తాటాకు పందిరి కింద పోలీసులున్నారు. అవతల నైజాం ఇలాకా ఉడికిపోతున్న రోజులవి. సరిహద్దు దగ్గర ఎవరి మూటైనా విప్పి చూడకుండా వదిలేవారు కాదు. పందిరి కింద బెంచీ మీద ఉన్న హెడ్ కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. సంచిలో ఏంటి?"

"బూట్లండీ."

"బూట్లు గలగలమంటయ్యా ఎక్కడన్నా? తియ్యి."

ఆవిడ సంచిలోంచి ఒక జత తీసి బెంచీ మీద పెట్టింది. నల్లతోలు బూట్లు, చీలమండ పైదాకా తాళ్ళు. అంతవరకూ బూట్లే. కింద మాత్రం ఒక్కొక్క దానికీ జానెడున్నర పొడుగున ఉక్కు కత్తి నిలబెట్టి బిగించి ఉంది. హెడ్డు బెంచీ మీంచి లేచాడు.

"కత్తులా!"

"కత్తులు కాదండీ. బూట్లే. కిందవి వాటితో పాటు వచ్చినయ్యి."

"ఎక్కణ్ణించి వచ్చినయ్యి?"

"కెనడా నుంచండి."

"అదెక్కడ? ఏ తాలూకా?"

ఇక ఊరుకోలేక నేను కల్పించుకున్నాను. "హెడ్డుగారూ, అవి మంచు మీద జారే బూట్లు. ఆ దేశాల్లో చలికి చెరువులు గడ్డకట్టిపోతాయి. వీటితో ఆ గడ్డ మీద జారుకుంటూ హాకీ ఆడతారు. సిమ్లాలో కూడా దొరలు జారుతారు. ఒక చలికాలం వాళ్ళకి ఈ బూట్లు అద్దెకిచ్చే కొట్టంలో నేను పనిచేశాను."

"చెరువు మీద ఆడతారా?"

"చెరువు మీదే."

"మరి చేపలో?"

"కింద ఉంటాయండి."

హెడ్డు నన్ను పైనుంచి కిందకి చూశాడు. గడ్డం, కాషాయం కాని కాషాయం రంగు చొక్కా, భుజాన సంచి. నా మీద అనుమానం తర్వాత పడొచ్చని మళ్ళీ కత్తుల వైపు తిరిగాడు. "ఇట్లాంటి కత్తే ఇంతకుముందు ఈ ఊళ్ళో చూశా. చెప్పులు కుట్టే సొలొమోను దగ్గర. ఇంత మంచి ఉక్కు నీకెక్కడిదిరా అంటే దేవుడిచ్చాడన్నాడు. ఇప్పుడు రెండో జత దొరికింది. పదండి, ముగ్గుర్నీ ఒకచోట నిలబెడితే సంగతి బయటికొస్తది."

అలా నేను కూడా ముద్దాయినై, ఆవిడ పక్కన సొలొమోను ఇంటికి నడిచాను. దారిలో ఆవిడ తన సంగతి చెప్పింది. చెప్పిందనేకంటే హెడ్డుగారి మీద కోపం నా మీద వెళ్ళబోసిందనాలి.

పేరు దేవమణి. జగ్గయ్యపేటలో మిషను వాళ్ళ ఆడపిల్లల బడిలో మూడో తరగతి పంతులమ్మ. పధ్నాలుగేళ్ళుగా అదే తరగతి. కానీ ఆమె ప్రాణమంతా సాయంత్రం ఆటల గంటలో ఉండేది. తుమ్మకొమ్మల్లో వంకరవి ఏరి, చెక్కించి, పిల్లల చేత హాకీ ఆడించేది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తే చెరువుకట్ట మీది గేదెలు కూడా ఆగేవట. ఏటా జిల్లాలో ఆడపంతుళ్ళని కొందరిని ఎంచి, మద్రాసులో డ్రిల్లు మాస్టరు చదువుకి పంపుతున్నారు. ఎంపిక మర్నాడు పొద్దున నందిగామ ఆడపిల్లల బడి మైదానంలో. పరుగు ఒకటి, హాకీ ఆట ఒకటి. బూట్లు లేనివాళ్ళని మైదానంలోకి రానివ్వరు. ముప్ఫై అయిదేళ్ళు దాటినవాళ్ళని అసలు పిలవరు.

"నాకు ముప్ఫై నాలుగేళ్ళ ఎనిమిది నెలలండీ" అంది. "రేపు పోతే ఇక లేదు. మళ్ళీ జన్మంతా మూడో తరగతే."

"పోయినేడాది వెళ్ళలేదా?"

ఆవిడ నవ్వేసింది. "వెళ్ళా. బంతి తీసుకుని బ్రహ్మాండంగా పోతున్నా. మలుపు తిరిగా. నేను కుడివైపుకి తిరిగితే నా ఎడంబూటు నేరుగా వెళ్ళిపోయింది. వెళ్ళి ఇనస్పెక్ట్రెస్ ప్రమీలారాణిగారి బల్ల మీద సిరాబుడ్డిని కొట్టింది. ఆవిడ చీర మీద సిరా, కాగితాల మీద సిరా. నా పేరున్న కాగితం మీద ఎక్కువ."

"అంత వదులు బూటు ఎందుకు వేసుకున్నారు?"

"వదులు కానిది ఎప్పుడేసుకున్నా?"

ఈ మాట దగ్గర నేను ఆగాలి. మన వైపు పిల్లలకి ఏది కొన్నా, ఏది కుట్టించినా, ఎదిగే పిల్లలని రెండేళ్ళు ముందుకి కుట్టిస్తాం. లాగు మోకాలి కిందకి, చొక్కా చేతులు వేళ్ళ మీదకి. దేవమణి తల్లి రత్తమ్మ మిషను హాస్టల్లో వంటమనిషి. ఒక్కతే కూతురు. ప్రతి క్రిస్మసుకీ కెనడా నుంచి పాతబట్టల పెట్టె ఒకటి వచ్చేది. అది తెరిచిన రోజున రత్తమ్మ కూతురి చెవిలో ఒకే మాట చెప్పేది: "పెద్దది పట్టుకో. ఎదిగే పిల్లవి." పదేళ్ళప్పుడు చెప్పింది, ఇరవై ఏళ్ళప్పుడు చెప్పింది. మొన్న క్రిస్మసుకి కూడా చెప్పింది. దేవమణి రవికెలకి ఈనాటికీ లోపల రెండు వేళ్ళ మడత ఉంటుంది, విప్పుకోవటానికి. ఆ పెట్టెలో ఈ కత్తుల బూట్లు రెండు జతలు వచ్చాయి. తాళ్ళు చీలమండ పైదాకా ఉన్నాయి కాబట్టి ఇవి ఎగిరిపోవని దేవమణికి ఆశ పుట్టింది. రెండింట్లో పెద్ద జత తీసుకుంది. ముందు భాగంలో గుడ్డలు కూరింది. ఎంపిక కబురు నిన్ననే అందటంతో, ఈ సాయంత్రం నందిగామలో ఎవరైనా కమ్మరి చేత కత్తులు ఊడదీయించి, రేపు పొద్దున వేసుకోవాలని బయల్దేరింది.

"రెండో జత ఏమైంది?"

"అవి బాగా చిన్నవండీ. ఎవరూ ముట్టుకోలేదు. మా వాచ్‌మన్ కృపారావు ఎటో పట్టుకుపోయాడు."

ఎటు పట్టుకుపోయాడో ఇంకో పది అడుగుల్లో తెలిసింది. సొలొమోను వాకిట్లో కూర్చుని తోలు కోస్తున్నాడు. అతని చేతిలో కత్తి, హెడ్డుగారి చేతిలో బూటు కింద కత్తి, రెండూ ఒక తల్లి బిడ్డలని చూసిన వెంటనే చెప్పొచ్చు. సొలొమోను సన్నగా, వంగిన వీపుతో, ఎప్పుడూ ఒక కన్ను కొంచెం మూసి చూసే మనిషి. లేవకుండానే దండం పెట్టాడు.

"మళ్ళా వచ్చారా హెడ్డుగారూ? నా కత్తి పారిపోలేదండి, ఇక్కడే ఉంది."

"ఇదెక్కడిదో ఇప్పుడు చెప్పు."

"చెప్పాగా అయ్యా, దేవుడిచ్చాడని. పేట నుంచి కృపారావని ఒకడొచ్చాడు. వాడి చెప్పులకి అడుగులేసిచ్చా, వాడు బూట్లిచ్చాడు. దేవుడు నేరుగా ఇస్తాడా ఏంటి, ఎవరో ఒకరి చేత పంపిస్తాడు."

"ఆ కృపారావు పని చెప్తా నేను" అంది దేవమణి. వెంటనే ఆ కోపం మర్చిపోయి, "మరి ఆ బూట్లేవన్నా?" అంది.

సొలొమోను చూరు కింద గూట్లోకి వేలు చూపించాడు. కత్తులు ఊడదీసిన బూట్లలో ఒకదాంట్లో మేకులు, తోలు పొడిచే ఆరెలు, దారపుండలు ఉన్నాయి. రెండో బూటులో కోడిపెట్ట కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి అది మెడ చాపి, ఇల్లు ఖాళీ చేయమనటానికి వచ్చిన వాళ్ళని చూసినట్టు చూసింది.

హెడ్డుకి కేసు చేతిలోంచి జారిపోతోందని తెలిసింది. కత్తుల్ని బూట్ల నుంచి వేరు చేసి తన కళ్ళముందే పనిముట్లుగా మారిస్తే అభ్యంతరం లేదని చెప్పి, అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక గొంతు తగ్గించి, "ఒకదానితో కత్తిపీట అవుద్దేమో చూడు. మా ఇంటావిడది మొద్దుబారింది" అన్నాడు.

సొలొమోను దేవమణి పెద్దజత చేతిలోకి తీసుకున్నాడు. లోపల చెయ్యిపెట్టి ఒక గుడ్డ లాగాడు. తర్వాత ఇంకొకటి. తర్వాత రవికె చెయ్యి ఒకటి. చివరికి మూడో తరగతి లెక్కల పుస్తకంలో నాలుగు పేజీలు.

"టీచరమ్మా, దీంట్లో నువ్వూ మీ అమ్మా ఇద్దరూ కాపరం ఉండొచ్చు."

"ఎగిరిపోకుండా కూరా అన్నా."

"గుడ్డ కాలిని పట్టుకోదమ్మా. గుడ్డని కాలు పట్టుకోవాలి. రేపు నువ్వు పరిగెత్తుతావా, గుడ్డలు కాస్తావా?"

పొయ్యిలో బూడిద తెచ్చి గుమ్మం ముందు పల్చగా చల్లాడు. చెప్పులు విప్పి దాని మీద నిలబడమన్నాడు. రెండు పాదాలూ అచ్చుపడ్డాయి. తాటాకు రెమ్మతో ఒక్కొక్క దాన్నీ కొలిచి, "ఎడంది కొంచెం పెద్దది. అందరికీ ఏదో ఒకటి పెద్దదే ఉంటది. పెద్దదాన్ని బట్టి చూడాలి" అన్నాడు. "మంచి వేళకే వచ్చావు. పొద్దున కాలు వేరు, సాయంత్రం కాలు వేరు. ఇంతదూరం నడిచొచ్చావు గదా, ఉబ్బాల్సినంతా ఉబ్బింది." ఈ మాట సిమ్లాలో కొట్టం ముసలాయన కూడా అనేవాడు. పొద్దున్నే వచ్చి బూట్లు ఎంచుకున్న దొరసానులు మధ్యాహ్నానికి కుంటుకుంటూ వచ్చి మా మీద అరిచేవారు.

కోడిపెట్టని లేపటం కొంచెం కష్టమైంది. రెండు గుడ్లు బయటికి తీసి, బూటు దులిపి, సొలొమోను తాటాకు రెమ్మ లోపల పెట్టి చూశాడు. మడమ దగ్గర వడ్లగింజంత మిగిలింది. అతను నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను.

"అవి పిల్లలవన్నా!" అంది దేవమణి.

"పిల్లలవే. ఏ పద్నాలుగేళ్ళ దొరబిడ్డవో. నీ కాలు అంతే మరి."

"కొంచెం పెద్దగా ఉండద్దూ? వేలన్నా దూరాలి గదా?"

సొలొమోను కత్తి కింద పెట్టేశాడు. "అదుగో, ఆ మాటే. నా దగ్గరికొచ్చిన ప్రతివాడూ అదే మాట. మడమ వెనక వేలు పెట్టి చూస్తారు. వేలు దూరకపోతే చెప్పు తీసుకోరు. ఇరవై ఏళ్ళుగా కాలికి కుట్టటం మానేసి వేలికి కుడతన్నానమ్మా. పిల్లలకైతే సరే, ఎదుగుతారు. నీకు ముప్ఫై నాలుగు. ఈ కాలు ఇంకెక్కడికి ఎదగాల? మద్రాసు దాకానా?"

అరుగు మీద హెడ్డు పెద్దగా నవ్వాడు. దేవమణి నవ్వలేదు. బూట్లోకి కాలు దూర్చింది, దూర్చగానే ముఖం ముడుచుకుంది.

"వేళ్ళు తగులుతున్నాయి."

"నిలబడితే తగులుతాయి" అన్నాను నేను. సిమ్లాలో రోజుకి వందమందికి చెప్పిన పాఠం అది, పాతికేళ్ళ తర్వాత చిల్లకల్లులో పనికొస్తుందని ఎవరనుకున్నారు? "ముందు మడమని వెనక్కి కొట్టండి, నేలకేసి. అలా. ఇప్పుడు తాళ్ళు బిగించండి. వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా. ఇప్పుడు మోకాళ్ళు వంచండి, బంతి కొట్టబోతున్నట్టు."

ఆమె వంగింది. "వేళ్ళు వెనక్కొచ్చినయ్యి" అంది ఆశ్చర్యంగా. మళ్ళీ నిటారుగా నిలబడింది. "కానీ నొక్కుతోందండీ. ఎట్లా వేసుకుంటారు ఇట్లాంటివి? ఎవరో కాలు పట్టుకుని వదలనట్టుంది."

సొలొమోను ఆమె పాదం ముందు గొంతుకూర్చున్నాడు. "సరిగ్గా చెప్పు టీచరమ్మా. నొక్కేది ఒక్కచోటా, అన్నిచోట్లా?"

ఆమె కళ్ళు మూసుకుని ఆలోచించింది. మేమందరం, హెడ్డుతో సహా, పరీక్ష ఫలితం కోసం చూసినట్టు చూశాం.

"అన్నిచోట్లా."

"ఒక్కచోటైతే తప్పు. రెండుచోట్లైతే పెద్ద తప్పు. అన్నిచోట్లా అంటే పట్టిందన్నమాట."

"రేపు బొబ్బలెక్కితే?" అంది దేవమణి. "పెద్దవైతే నాకు అలవాటేనన్నా. ఎట్లా ఈడ్చాలో తెలుసు. ఇవి నాకు తెలీదు. ఉన్నది ఒక్క రోజే."

ఆమె బెంగ న్యాయమైనదే. జన్మంతా పెద్ద చెప్పుల్లో నడిచిన మనిషికి, తన కాలు ఎంతో అంత ఉన్న తోలు కొత్త దేశం లాంటిది. నేను చాలా ఊళ్ళు చూశానుగానీ, ఒక్కో ఊళ్ళో మొదటి రోజు నాకూ అన్నీ ఇరుకుగానే ఉండేవి. అదేదో చెప్పబోయాను. సొలొమోను అడ్డం పడ్డాడు.

"మాటలెందుకు అయ్యగారూ. పరిగెత్తమనండి. అదుగో, ఆ బండి దాకా పోయి, దాని చుట్టూ గిర్రున తిరిగి రా."

ఆమె మేకులు కుమ్మరించి రెండో బూటు కూడా తొడుక్కుని, కొంగు బిగించింది. ఇంటి నుంచి వీధి చివర నిలబెట్టి ఉన్న ఎద్దులబండి దాకా పరుగెత్తింది. అరికాళ్ళు ఇంకా చదునుగా పడుతున్నాయి, వేళ్ళు లోపల ముడుచుకునే ఉన్నాయని నడక చూస్తే తెలుస్తోంది. బండి దగ్గర మలుపు తిరిగింది. దుమ్ము లేచింది, చీరకుచ్చెళ్ళు లేచాయి, పక్కన పడుకున్న మేక లేచింది. బూట్లు మాత్రం కాళ్ళకే ఉన్నాయి. తిరిగి వస్తున్నప్పుడు వేళ్ళు విచ్చుకున్నాయి. అది కూడా చూస్తేనే తెలిసింది. వచ్చి మా ముందు ఆగి, కిందకి చూసుకుంటూ చాలాసేపు నిలబడింది.

"నా కాళ్ళు ఇంత చిన్నవా?" అంది.

ఇక పని చకచకా సాగింది. సొలొమోను కోడి ఉన్న బూటుకి ఆముదం రాశాడు, మేకులున్న బూటుకి ఇంకాస్త ఎక్కువ రాశాడు. కత్తులు తీసిన చోట అడుగున పడ్డ బెజ్జాల్లో కర్రమేకులు దిగ్గొట్టాడు. జారకుండా ఉండటానికి అడుగున అడ్డపట్టీలు వేయాలన్నాడు. తోలు గట్టిపడి ఉంది, కొంచెం వేడి చూపిస్తే కాలికి తగ్గట్టు ఒదుగుతుందన్నాడు. కానీ అతని పొయ్యి చల్లారింది. వేడి ఎక్కడుందో మా ముగ్గురికీ ఒకేసారి తట్టింది.

"నా బస్సు పొయ్యి మీద చెప్పులు కాలుస్తారా?" అని డ్రైవరు అరిచాడు.

"చెప్పులు కాదయ్యా, కెనడా బూట్లు" అన్నాడు హెడ్డు. ఆయన ఎందుకు మాతో వచ్చాడో ఆయనకే తెలియదు. "బస్సు ఎట్లాగూ కదలట్లేదుగా. పొయ్యన్నా పనికి రానీ."

పొయ్యికి మూరెడు దూరంలో బూట్లు పట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ, చెంపకి ఆనించి చూసుకుంటూ సొలొమోను కాచాడు. అన్నం వార్చేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చూడరు. వెచ్చగా ఉండగానే దేవమణి వేసుకుని, తాళ్ళు బిగించి, బస్సెక్కి కూర్చుంది. నందిగామ చేరేదాకా విప్పొద్దని ఆజ్ఞ. ఈలోగా బస్సు దగ్గి, వణికి, నిజంగానే కదిలింది. సొలొమోను కూడా ఎక్కేశాడు. అడ్డపట్టీలు బస్సు దిగాక కుడతానన్నాడు. "రేపు చూడొద్దూ? ఈ బూట్లు కుట్టిన కెనడావోడు రాలేడుగా. ఆడి బదులు నేను." కూలీ ఏమిస్తావని దేవమణిని అడగలేదు. పెద్దజత కింది కత్తులు రెండూ ఇంటి దగ్గరే ఊడదీసి, ఒకటి హెడ్డుగారి కత్తిపీటకి వదిలేసి, రెండోది తన సంచిలో వేసుకున్నాడు. అంతకంటే కూలీ ఏముందన్నట్టు దాన్ని తడుముకుంటూ కూర్చున్నాడు.

దారిపొడుగునా దేవమణి కాళ్ళు బస్సు అడుగుచెక్కల మీద ఆడిస్తూ కూర్చుంది. ఒకసారి నన్ను అడిగింది: "సిమ్లాలో ఆడవాళ్ళు కూడా ఆడేవారాండీ?"

"ఆడేవారు. పడేవారు. నవ్వేవారు."

"పడితే పర్లేదు. బూటు ఎగరకూడదు" అంది.

సందె వెలుతురు ఉండగానే నందిగామ చేరాం. దిగాక సొలొమోను ఆమె కాళ్ళు ఒత్తి చూసి, బూట్లు విప్పమని, అడ్డపట్టీలు అక్కడే బస్టాండులో కూర్చుని కుట్టాడు.

మర్నాడు పొద్దున ఆడపిల్లల బడి ప్రహరీ అవతల నేనూ సొలొమోనూ నిలబడ్డాం. మగవాళ్ళని లోపలికి రానివ్వరు. గోడ ఎత్తు సొలొమోను గడ్డం దాకా, నాకు ముక్కు దాకా. సొలొమోను చంకలో దేవమణి పాతచెప్పులు ఉన్నాయి, పొద్దున బూట్లు వేసుకుంటూ అతనికిచ్చింది. మైదానం చివర బల్ల వేసుకుని ప్రమీలారాణిగారు కూర్చున్నారు. కళ్ళజోడు, తెల్లటి చీర, నిటారైన వీపు. దేవమణి పేరు పిలవగానే ఆవిడ తలెత్తి, గుర్తుపట్టి, సిరాబుడ్డి తీసి బల్ల కింద పెట్టుకున్నారు. అంతటితో ఆగక, "బల్ల ఇంకాస్త వెనక్కి లాగండి" అన్నారు.

దేవమణి మెడ దాకా ఎర్రబడింది.

"ఈసారి బూట్లు కాళ్ళకే ఉంటాయా దేవమణీ?"

"ఉంటాయండి."

"కూరావా లోపల ఏమన్నా?"

"నా కాళ్ళేనండి."

సొలొమోను గోడ మీద చప్పుడు కాకుండా గుద్దాడు.

పరుగులో రెండోది వచ్చింది. మొదటిది గుడివాడ వైపు నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ పిల్ల. దేవమణి ముఖం వాడింది. తర్వాత హాకీ. మొదటి పది నిమిషాలు జాగ్రత్తగా ఆడింది. ప్రతి మలుపులోనూ ఒకసారి కిందకి చూసుకునేది, బూటు ఉందా అని. చూసుకున్న ప్రతిసారీ బంతి పోయేది. నేను గోడని రెండు చేతులా పట్టుకున్నాను.

"చూడొద్దమ్మా, చూడొద్దు" అని గొణుగుతున్నాడు సొలొమోను. "అది ఎక్కడికీ పోదు."

ఎప్పుడు చూడటం మానేసిందో మాకు తెలియలేదు, ఆమెకీ తెలిసి ఉండదు. ఎవరో బంతి తప్పుగా కొట్టారు, అది మైదానం మధ్యలోకి దొర్లింది. దేవమణి దాన్ని అందుకుని, కుడికి, ఎడమకి, ఇద్దరి మధ్యలోంచి, ముందటేడు సరిగ్గా బూటు ఎగిరిన మూలలో గిర్రున తిరిగింది. ప్రమీలారాణిగారు కుర్చీలో పక్కకి ఒరిగారు, అలవాటుగా. ఏమీ ఎగిరి రాలేదు. బంతి రెండు గోలు కర్రల మధ్యలోంచి వెళ్ళి గోడకి కొట్టుకుని, మా ముందే ఆగింది. దేవమణి రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. ఆటగాళ్ళు ఈల వేయకూడదట. ప్రమీలారాణిగారు ఆ సంగతి చెప్పటానికి నోరు తెరిచి, మనసు మార్చుకుని, బల్ల కింద నుంచి సిరాబుడ్డి పైకి తీశారు. ఏదో రాశారు. ఆట ఇంకా అయిదు నిమిషాలుండగానే రాశారు.

ఆట అయ్యాక పేర్లు చదివారు. మూడు పేర్లు. రెండోది దేవమణి. పదిహేనో తారీఖుకల్లా మద్రాసులో ఉండాలని కాగితం చేతికిచ్చారు.

సొలొమోను గేటు దగ్గరికి పరిగెత్తాడు, చెప్పులు ముందుకి చాచి పట్టుకుని. నేను వెనకాల వెళ్ళాను. ఆమెకి ఏం చెప్పాలో రెండు మూడు మంచి మాటలు నేను దారిలో తయారు చేసుకున్నాను కూడా. దేవమణి గేట్లోంచి బయటికొచ్చింది. రెండు చేతులతో కాగితం పట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుకుంటోంది. మమ్మల్ని చూడలేదు. సొలొమోను చాచిన చెప్పుల్ని చూడలేదు. మా ఇద్దరి మధ్యలోంచి నడిచి, రోడ్డెక్కి, కంకరరాళ్ళ మీదుగా జగ్గయ్యపేట బస్సు ఆగే వైపు వెళ్ళిపోయింది.

"చూశారా" అన్నాడు సొలొమోను. నేను చెప్పుల సంగతి అనుకున్నాను. అతను ఒక కన్ను మూసి, దూరమవుతున్న ఆమె కాళ్ళ వంకే చూస్తున్నాడు. "మడమ లేవట్లేదు."